సర్ జోసెఫ్ విట్‌వర్తు

రైలుబండి పరుగిడుచుండగా మనము యంజినును జూచి వెఱగుపడుదుము. దానిని నిర్మించినవారి నేర్పును గొనియాడుదుము. కాని ఒక పట్టాను మఱియొక పట్టాతో గూర్చుచున్న, యంజినులోని భాగములు విడిపోకుండ బట్టియుంచుచున్న చిన్న మరచీలలను దలంచువారు అరుదు. ఎంత మంచి యెడ్లబండియైనను కడచీల యూడినచో దారిలో గూలబడక తప్పదు. యంత్రముల విషయమునను ఇంతే. గడియారము మొదలు ఓడవఱకు గల సమస్తమును చిన్న చిన్న బోల్టులును నట్టులును నమ్ముకొని నిలిచియున్నవి.

నేడు మనము అంగడికి బోయి ఇంత లావు బోల్టునకు సరిపోవు నట్టు కావలెనని యడిగినచో అంగడివాడు పెట్టెలోనుండి ఒకదానిని దీసి యిచ్చును. అది సరిపోవునా యన్న సందేహము మనకును గలుగదు, వానికిని గలుగదు. బోల్టు ఒక యూర తయారైనను, నట్టు మఱియొక యూర తయారైనను అవి రెండును ఒక యింట బుట్టినట్లే కలిసిపోవును. ఈ సౌకర్యము దానంతట నదియే వచ్చినది కాదు. ఒక్కని పట్టుదల దీనికి దారి తీసినది. ఆతడే ఇంగ్లండు దేశీయుడైన జోసెఫ్ విట్‌వర్తు.

విట్‌వర్తు 1803 డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని స్టాక్‌పోర్టు పట్టణమున జన్మించెను. తండ్రి చార్లెసు విట్‌వర్తు బడిపంతులు. తరువాత క్రైస్తవ మతబోధకు డయ్యెను. తల్లి ఆతని చిన్ననాటనే మరణించెను. తండ్రియొద్ద అక్షరములు నేర్చిన పిమ్మట బాలుడు యార్కుషైరులోని ఐడిల్ గ్రామపు పాఠశాలకు బంపబడెను. పదునాలుగేండ్ల వయస్సున చదువు ముగిసెను. డెర్బీషైరులో నూలుమిల్లు నడుపుచుండిన మేనమామయొద్ద ఆతనిని పనిలో నుంచిరి. కొంతకాలమునకు ఆ వ్యాపారమున భాగస్వామి కావలెనని పెద్దల యుద్దేశము.

పెద్దలు వ్యాపారమును దలంపగా బాలుని మనస్సు యంత్రములపై లగ్నమైనది. ఆతడు మిల్లులోని ప్రతి యంత్రమును శ్రద్ధతో బరిశీలించెను. దాని పనితీరును గ్రహించెను. అంతతో నాగక, ఆ యంత్రము లెంత మోటుగా చేయబడినవో కూడ గమనించెను. ఇరుసులు వదులుగా నుండెను. చక్రముల పండ్లు ఒకదానితో నొకటి సరిగా గలియకుండెను. భాగములు బిగియకపోవుటచే యంత్రముల శక్తిలో చాలభాగము రాపిడికిని అదురునకును వ్యర్థమగుచుండెను. నూలు వడకుటకంటె వడకు యంత్రమును జక్కగా చేయుటే తనకు దగిన పని యని ఆతడు నిశ్చయించుకొనెను.

నాలుగేండ్లు ఆ మిల్లులో గడపిన తరువాత, సుఖమైన భవిష్యత్తు ఎదుట నున్నను, ఆతడు ఎవరికిని జెప్పక మాంచెస్టరు నగరమునకు వెడలిపోయెను. అక్కడ ఒక యంత్రశాలలో సామాన్యమైన పనివానిగా జేరెను. మిల్లునకు యజమాని కావలసినవాడు చేత సుత్తెయు నాకురాయియు బట్టి కూలి కొఱకు పనిచేయసాగెను. తొలిసారి పనివానిగా కూలిడబ్బు పుచ్చుకొన్న దినమే తన జీవితమున మిక్కిలి యానందము గలిగిన దినమని ఆతడు పెద్దవాడైన పిదప చెప్పుకొనుచుండెడివాడట.

మాంచెస్టరులో నాలుగేండ్లు పనిచేసి, 1825లో వివాహము చేసికొని, విట్‌వర్తు లండనునకు బోయెను. ఆ కాలమున లండనులో హెన్రీ మాడ్‌స్లే యను గొప్ప యంత్రశిల్పి యుండెను. మరచుట్లను సమానముగా గోయు లేతుయంత్రమును చక్కగా రూపొందించిన ఘనత ఆయనదే. ఆయన కర్మశాల శిల్పులకు గురుకులమువంటిది. అందు జేరుట కష్టము. చేరినవాడు మేలైన పనివాడు గాక తప్పదు. విట్‌వర్తునకు అందు స్థానము లభించెను. ఆతని నేర్పును గమనించి మాడ్‌స్లే తన స్వంత పనిగదిలో ఆతనికి జోటిచ్చెను.

అక్కడ విట్‌వర్తు దృష్టి నాకర్షించినది ఒక చిన్న ప్రశ్న. సంపూర్ణముగా సమతలమైన ఇనుపపలకను జేయు టెట్లు? వినుట కిది సులభముగా దోచును. కాని యంత్రములోని తిన్ననైన భాగము లన్నియు ఏదో యొక సమతలమును జూచి చేయవలసినవే. చూచి వ్రాయు తలకట్టే వంకరయైనచో వ్రాసిన వ్రాత యంతయు వంకర కాదా? ఆనాటి పనివారు రెండు పలకలనడుమ కురుందపు పొడి వేసి ఒకదానితో నొకటి రుద్ది నునుపు చేయుచుండిరి. పొడి కొన్నిచోట్ల ఎక్కువగాను కొన్నిచోట్ల తక్కువగాను జేరుటచే పలకలు కంటికి మెఱయుచుండెను గాని సమముగా నుండకుండెను.

విట్‌వర్తు రుద్దుట మానెను. ఒక పలకపై పలుచగా రంగు పూసి రెండవదానిపై నుంచి కదలించెను. ఎత్తుగానున్న చోట్ల మాత్రమే రంగు అంటెను. ఆ చోట్లను చిన్న యుక్కు పనిముట్టుతో కొంచెము కొంచెముగా గీకి, మరల రంగు పూసి మరల చూచెను. ఇట్లు ఎన్నియో మారులు చేసిన పిమ్మట రంగు పలకయంతటను సమముగా నంటెను. అయినను రెండు పలకలు ఒకదానితో నొకటి అతికినంత మాత్రమున అవి సమతలములని చెప్పరాదు. ఒకటి కొంచెము ఉబ్బియుండి రెండవది అంతే లోతుగా గుంటపడినను అవి చక్కగా నతుకును. కావున ఆతడు మూడవ పలకను దెచ్చెను. మూడింటిలో ఏ రెండింటిని గలిపినను పూర్తిగా నతికినచో, ఇక ఉబ్బునకు గాని గుంటకు గాని తావులేదు. మూడును సమతలములే. ఈ పద్ధతికి మూలము మాడ్‌స్లే కర్మశాలలోనే యున్నను, దానిని గీకుడు పనితో గలిపి పరిపూర్ణము చేసినవాడు విట్‌వర్తు. 1840లో గ్లాస్గో నగరమున జరిగిన బ్రిటిషు విజ్ఞానసంఘపు సమావేశమున ఆతడు దీనిని లోకమునకు వివరించెను.

మాడ్‌స్లేయొద్ద కొన్ని సంవత్సరములు పనిచేసిన పిమ్మట విట్‌వర్తు హోల్ట్‌జాప్‌ఫెల్ కర్మశాలలోను, అటుపిమ్మట జోసెఫ్ క్లెమెంటు కర్మశాలలోను పనిచేసెను. గణితశాస్త్రజ్ఞుడైన చార్లెసు బాబేజి లెక్కలు కట్టు యంత్రమొకటి తలపెట్టగా, దాని భాగములు క్లెమెంటు కర్మశాలలోనే తయారగుచుండెను. వేలకొలది చిన్న భాగములు ఒకదానికొకటి తప్పక సరిపోవలసిన యంత్ర మది. ఆ కాలపు వ్యయప్రయాసముల కోర్వలేక ఆ పని 1833లో నిలిచిపోయెను. యంత్రము పూర్తికాకున్నను, భాగముల కొలతలలో ఎంత నిక్కచ్చితనము వలయునో అందు పనిచేసిన విట్‌వర్తునకు బోధపడెను.

1833లోనే ఆతడు మాంచెస్టరునకు దిరిగివచ్చి, ఆవిరిశక్తి లభించు గది నొకదానిని అద్దెకు దీసికొని స్వంతపని ప్రారంభించెను. తాను లండనునుండి వచ్చిన పనిముట్ల తయారీదారుడనని వాకిట ఒక పలక గట్టించెను. ఆతడు నిర్మించిన లేతులు, చిత్రికపట్టు యంత్రములు, బెజ్జములు వేయు యంత్రములు త్వరలోనే పేరు గాంచెను. చేతితో ఉలియు నాకురాయియు బట్టి పోతయినుమును చదరపుటడుగు మేర చదును చేయుటకు పూర్వము 12 షిల్లింగుల కూలి యగుచుండెను. చిత్రికయంత్రము వచ్చినపిమ్మట అదే పని ఒక్క పెన్నీకంటె తక్కువ కూలితో జరుగసాగెనని ఆతడు 1856లో యంత్రశిల్పుల సంఘమునకు అధ్యక్షుడై ప్రసంగించినప్పుడు లెక్కజెప్పెను.

యంత్రము లిట్లు వృద్ధిపొందినను ఒక చిక్కు మాత్రము తీరకుండెను. అదియే మరచీల చిక్కు. ఆ కాలమున ప్రతి కర్మశాలకును దాని బోల్టులు దానివే. ఒకరు అంగుళమునకు ఎనిమిది మరచుట్లు కోసినచో మఱియొకరు తొమ్మిది కోయుచుండిరి. ఒకరి మరచుట్టు నిట్రముగా నుండును; మఱియొకరిది వాలుగా నుండును. వీరి నట్టు వారి బోల్టున కెక్కదు. మాడ్‌స్లేకు పూర్వమైతే ఒకే కర్మశాలలోని నట్టు సైతము వేఱొక బోల్టునకు సరిపడకుండెను. యంత్రమును విప్పునప్పుడు ఏ బోల్టునకు ఏ నట్టో గుర్తు పెట్టుకొనవలసివచ్చుచుండెను. గుర్తులు తాఱుమాఱైనచో పనివాని పాట్లు చెప్పనలవి కాదు.

అది ఇంగ్లండున రైలుమార్గములు వేగముగా బెరుగుచున్న కాలము. ఒక కర్మశాలలో పుట్టిన యంజిను వంద మైళ్ల దూరమున జెడిపోయినచో ఒక్క బోల్టు కొఱకు పుట్టింటికి వర్తమానము పంపవలసివచ్చుచుండెను. లేదా అక్కడి కమ్మరి కొత్తబోల్టును జేసి, దానికి దగిన నట్టును గూడ చేయవలెను. ఎంతయో ధనమును కాలమును ఇట్లు వ్యర్థమగుచుండెను. అందఱును ఈ కష్టమును ఎఱుగుదురు. కాని తన కొలతను వదలుకొని యితరుని కొలతను స్వీకరించుట కెవరును ఇష్టపడరు. ఎవరి పద్ధతి వారికి మేలైనదిగా దోచుచుండెను. పనిముట్లన్నియు ఆ పద్ధతికే తయారైయుండెను. ఇట్టి చోట పరిష్కారము చూపుట శిల్పనైపుణ్యము మాత్రమున నగునది కాదు; మనుష్యుల స్వభావమును గూడ ఎఱిగియుండవలెను.

విట్‌వర్తు తన కర్మశాల కొలతనే అందఱును అనుసరింపవలెనని పట్టుబట్టలేదు. ఇంగ్లండులోని ముఖ్యమైన కర్మశాలలనుండి బోల్టులను పెక్కింటిని సేకరించెను. వానిని వరుసగా బెట్టి ఒక్కొక్కదాని లావును, అంగుళమునకు గల మరచుట్ల సంఖ్యను, చుట్టు లోతును, వాలు కోణమును గొలిచెను. ఒక్కొక్కటి యొక్కొక్క తీరున నున్నను అన్నింటికిని ఒక మధ్యమమైన కొలత యుండునని గ్రహించి దానిని లెక్కగట్టెను. మరచుట్టు రెండు వాలుల నడిమి కోణము సగటున 55 డిగ్రీలని తేలెను. ఆ కోణమునే ప్రమాణముగా గైకొనెను. చుట్టు శిఖరము పదునుగా నున్నచో దెబ్బకు విఱుగును. అడుగు పదునుగా నున్నచో అక్కడ బోల్టు తెగును. కావున త్రిభుజపు టెత్తులో ఆఱవవంతు పైనను, ఆఱవవంతు క్రిందను గుండ్రముగా మలచవలెనని నిర్ణయించెను. ఆపైన ఏ లావునకు ఎన్ని చుట్లో ఒక పట్టిక వ్రాసెను. పావు అంగుళపు బోల్టునకు అంగుళమునకు 20 చుట్లు. అర అంగుళపు దానికి 12. అంగుళపు దానికి 8. లావు పెరిగినకొలది చుట్లు పెద్దవై సంఖ్యలో తగ్గును.

1841లో ఆతడు ఈ పట్టికను వివరించుచు లండనులోని సివిలు ఇంజనీర్ల సంఘమునకు ఒక వ్యాసము సమర్పించెను. అది యెవరి స్వంత కొలతయు గాకుండుటయే దాని బలము. దానిలో అందఱి కొలతలును గలసియున్నవి. కావున ఒకరు గెలిచి మఱియొకరు ఓడుట లేదు. అందఱును కొంచెము కొంచెము వదలుకొనిరి; అందఱును చాల లాభము పొందిరి. విట్‌వర్తు మాటలతో దృప్తిపడక, ఆ ప్రమాణమునకు సరియైన మరచుట్లు కోయు పనిముట్లను తన కర్మశాలలో జేయించి ఇతరులకు విక్రయించెను. రైలుకంపెనీలు ముందుగా దీనిని స్వీకరించెను. 1860 నాటికి బ్రిటనులోని కర్మశాలలలో ఇది సర్వసామాన్యమయ్యెను. ఒక దేశమంతటను వ్యాపించిన మొట్టమొదటి మరచీల ప్రమాణ మిదియే.

దీని ప్రయోజనము యుద్ధకాలమున స్పష్టపడెను. 1854లో బ్రిటను క్రిమియా యుద్ధమున బ్రవేశించినపుడు నావికాదళమునకు చిన్న ఫిరంగినావలు పెక్కు త్వరితముగా కావలసివచ్చెను. నావలు కట్టవచ్చును గాని వానికి వలయు ఆవిరియంత్రములను అంత తక్కువ కాలములో ఏ యొక్క కర్మశాలయు చేయజాలదు. జాన్ పెన్ను అను యంత్రశిల్పి ఒక మాదిరియంత్రమును విప్పి, దాని భాగములను వేర్వేఱు కర్మశాలలకు బంపి, ఒక్కొక్క భాగమును తొంబదేసి చొప్పున అచ్చముగా అట్లే చేసి పంపుడని కోరెనట. భాగములు నాలుగు దిక్కులనుండి వచ్చెను. ఒకచోట గూర్పగా సరిగా గలిసెను. తొంబది దినములలో 90 జతల యంత్రములు సిద్ధమయ్యెనని చెప్పుదురు. పదునైదేండ్లకు పూర్వమైనచో ఆ భాగములు పనికిరాని ఇనుపముక్కల కుప్పయై యుండెడివి.

ప్రమాణ ముండవలెనన్నచో కొలత యుండవలెను. ఆనాటి పనివారు అంగుళమును సగములుగాను, పావులుగాను, వీసములుగాను విభజించుకొని, ఆపైన నిండు కొలత, కొఱత కొలత యని యంచనాగా మాటాడుకొనుచుండిరి. విట్‌వర్తు అంగుళమును వేయి భాగములుగా విభజించి లెక్కింపవలెనని బోధించెను. కంటిచూపుకంటె స్పర్శయే నిక్కచ్చియైనదని గ్రహించి స్పర్శనుబట్టి కొలుచు యంత్రమును నిర్మించెను. 1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున దానిని బ్రదర్శించెను. అది అంగుళములో పదిలక్షలవ వంతును గొలుచును. దాని మర్మము సులభమైన గుణకారము. అందలి మరచీలకు అంగుళమునకు 20 చుట్లు; దానిని ద్రిప్పు చక్రమునకు 200 పండ్లు; ఆ చక్రమును ద్రిప్పు మఱియొక చక్రపు టంచున 250 గీతలు. ఇరువదిని రెండువందలతోను, దానిని రెండువందల యేబదితోను హెచ్చించినచో పదిలక్షలగును. ఒక్క గీత మేర ద్రిప్పినచో చీల పదిలక్షలవ వంతు మాత్రమే కదలును. కొలువవలసిన కడ్డీకొనను దాకించి ఒక చిన్న యుక్కుబిళ్ల నుంచెదరు. బిగువు సరిగా నున్నంతవఱకు అది నిలిచియుండును. ఒక గీత వదలినచో జాఱిపడును. కడ్డీని వ్రేలితో దాకినచో ఆ మాత్రపు వేడికే అది పెరుగుట ఈ యంత్రమున దెలియుచుండెను. ఏ మరచీలకు ఆతడు మేర నిర్ణయించెనో ఆ మరచీలయే ఇట్లు లోకమునకు సూక్ష్మమైన కొలబద్ద యయ్యెను.

విట్‌వర్తు తలపెట్టిన పనులన్నియు జయప్రదము లయ్యెనని తలపరాదు. క్రిమియా యుద్ధకాలమున ప్రభుత్వము తుపాకులు చేయు యంత్రములను గూర్చి ఆతని సలహా గోరెను. యంత్రమునకు ముందు తుపాకి గొట్టమే యెట్లుండవలెనో తేల్చవలెనని ఆతడు చెప్పి, మాంచెస్టరులోని తన యింటియొద్ద అయిదువందల గజముల పొడవుగల శాల కట్టించి పరీక్షలు సాగించెను. ఆ శాల తుపానునకు గూలగా మరల గట్టించెను. చివరకు షట్కోణాకృతిలో మెలికలు తిరిగిన గొట్టముగల తుపాకిని రూపొందించెను. 1857లో జరిగిన పరీక్షలలో అది సైన్యమువారి తుపాకిని గుఱియందు మించెను. 1860లో వింబుల్డనునందు జరిగిన తుపాకిపోటీల ప్రారంభమున విక్టోరియా రాణి 400 గజముల దూరమునుండి ఈ తుపాకితోనే గుఱికేంద్రమునకు మిక్కిలి సమీపమున గొట్టెను. అయినను గొట్టము సన్నమనియు, మసి పట్టుననియు, వెల యెక్కువయనియు సైనికాధికారులు దానిని స్వీకరింపలేదు. అమెరికా అంతర్యుద్ధమున దక్షిణ రాష్ట్రములవారు మాత్రము దానిని దెప్పించుకొని దూరమునున్నవారిని గొట్టుటకు వాడిరి. ఫిరంగుల విషయమునను ఆతనికి ఆర్మ్‌స్ట్రాంగు అను శిల్పితో చిరకాలము పోటీ సాగెను. ప్రభుత్వము విట్‌వర్తు ఫిరంగిని గూడ అంగీకరింపలేదు. ఆతడు వివాదములయందు మెత్తనివాడు కాడు. తాను సత్యమని నమ్మినదానిని కొంచెమైనను సడలింపడు. మరచీల విషయమున అందఱి కొలతలను గౌరవించి అందఱిని గెలుచుకొన్న ఆతడే, ఫిరంగి విషయమున తన మాటయే నిలువవలెనని పోరాడి విఫలుడయ్యెను. ఈ రెండింటిని బ్రక్కప్రక్కన నుంచి చూచినచో మనకు గొప్ప పాఠము గోచరించును.

1857లో రాయల్ సొసైటీ ఆతనిని సభ్యునిగా నెన్నుకొనెను. 1869లో రాణి ఆతనికి బారొనెట్ బిరుదము నొసగెను. కాని ఆతని మనస్సు నేర్చుకొనగోరు యువకులపైననే యుండెను. పుస్తకములు చదివినవారికి చేతిపని రాదు. చేతిపని వచ్చినవారికి శాస్త్రము దెలియదు. ఈ రెండును ఒక్కనియందు గలసిననే దేశమునకు మేలని ఆతడు దృఢముగా నమ్మెను. 1868లో సంవత్సరమునకు వంద పౌనుల చొప్పున ముప్పది విద్యార్థివేతనములు నెలకొల్పెను. వానిని గోరువారు గణితము, యంత్రశాస్త్రము మొదలగువానిలో మాత్రమే గాక ఆకురాయి, లేతు మున్నగు పనిముట్లను వాడు నేర్పునందును పరీక్షింపబడుచుండిరి. ఆ విద్యార్థివేతనములు నేటికిని విట్‌వర్తు పేరనే యొసగబడుచున్నవి. 1874లో తన కర్మశాలను కంపెనీగా మార్చినపుడు మేస్త్రీలకును పనివారికిని అందు వాటాలు పొందు నవకాశము గల్పించెను. ఒకనాడు తానును కూలికి పనిచేసినవాడు గదా!

విట్‌వర్తు వృద్ధాప్యమున డెర్బీషైరులోని డార్లీడేలు గ్రామమున నివసించెను. శీతకాలమున ఆరోగ్యము కొఱకు మాంటీకార్లోకు బోయి, అక్కడనే 1887 జనవరి 22వ తేదీన తన ఎనుబదిమూడవ యేట మరణించెను. డార్లీడేలు చర్చియొద్ద ఆతనిని సమాధి చేసిరి. ఆతనికి సంతానము లేదు. ఆతని ధనములో చాలభాగము విద్యకును ప్రజాహితమునకును వినియోగింపబడెను. మాంచెస్టరులోని విట్‌వర్తు చిత్రశాలయు, విట్‌వర్తు ఉద్యానవనమును అట్లు వెలసినవే.

ఆతని మరచీల చరిత్ర ఆతనితో ముగియలేదు. బ్రిటిషువారు రైలుమార్గములు వేసిన చోట్ల నెల్ల అదియు వెంట బోయెను. మన దేశమందలి రైలు కర్మశాలలలోను పనివారు విట్‌వర్తు కొలతలనే వాడిరి. కాని అమెరికాలో 1864లో విలియం సెల్లర్సు అను శిల్పి వేఱొక ప్రమాణము ప్రతిపాదించెను. విట్‌వర్తు చుట్టు గుండ్రని శిఖరమును మలచుట కష్టమనియు, 55 డిగ్రీల కోణమును సరిచూచుట సులభము కాదనియు ఆతని యాక్షేపము. సెల్లర్సు కోణమును 60 డిగ్రీలు చేసి శిఖరమును చదునుగా నుంచెను. ఆ పద్ధతి అమెరికాలో వ్యాపించెను. రెండవ ప్రపంచయుద్ధమున ఈ రెండు దేశములును ఒక్కటై పోరాడినను వారి బోల్టులు మాత్రము కలియలేదు. ఒకరి యంత్రమునకు మఱియొకరి నట్టు పనికిరాక మిక్కిలి యిబ్బంది కలిగెను. ఒకనాడు ఇంగ్లండు కర్మశాలల నడుమ విట్‌వర్తు తీర్చిన తగవే ఇపుడు దేశముల నడుమ దలయెత్తినది. 1948 నవంబరులో బ్రిటను, అమెరికా, కెనడా దేశములు వాషింగ్టనులో సమావేశమై 60 డిగ్రీల కోణముగల ఉమ్మడి ప్రమాణమును అంగీకరించెను. మన దేశమున 1956లో మెట్రిక్ కొలతలకు శాసనము వచ్చెను. నేడు ప్రపంచమున నెక్కువగా వాడుకలోనున్నవి మిల్లీమీటరులలో గొలుచు మరచీలలే. వాని కోణమును 60 డిగ్రీలే.

అట్లయిన విట్‌వర్తు శ్రమ వ్యర్థమైనదా? కాలేదు. కెమేరాను ముక్కాలిపీటకు బిగించు చీలను జూడుడు. అది పావు అంగుళపు చీల. దానికి అంగుళమునకు 20 చుట్లు. 1841 నాటి పట్టికలోని మొదటి లెక్కలలో నొకటి నేటికిని మన చేతులలో దిరుగుచున్నది. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి గలదు. కోణము మారినది, కొలత మారినది. కాని అందఱికిని ఒకే ప్రమాణ ముండవలెనన్న తలంపు మారలేదు. ఆ తలంపు ఆతని మరచీలకంటె దృఢమైనది.

విట్‌వర్తు గుఱి తప్పని తుపాకిని జేసెను. మిక్కిలి బలమైన ఫిరంగిని జేసెను. నేడు వానిని వస్తుప్రదర్శనశాలలలో జూచువారే గాని వాడువారు లేరు. ఆతని పేరును చిరస్థాయిగా నిలిపినది మనుష్యులను దూరమునుండి చంపు సాధనము కాదు. విడివిడిగానున్న రెండు ముక్కలను గట్టిగా గలిపి యుంచు చిన్న చీల. ఒకరి పని మఱియొకరి పనితో గలియవలెనన్నచో ఇరువురును ఒక కొలతకు లోబడవలెను. ఆ కొలత ఎవరో బలవంతులు విధించినది గాక, అందఱి అనుభవమును గూర్చి తీసినదైనచో అది కలకాలము నిలుచును. మాంచెస్టరులో కూలికి ఆకురాయి బట్టిన యువకుడు లోకమునకు జూపిన మార్గ మిదియే.